చించిల్లా: పుట్టినిల్లును మెట్టినిల్లును

మన తెలుగు ఇండ్లలో మూగజీవులకు చోటులేని కాలము లేదు. పెరటిలో ఆవు, వంటయింటి గడపకడ పిల్లి, వీధి యరుగుమీద కుక్క, జామకొమ్మమీద ఉడుత, ఇవి యన్నియు గృహిణి చేతి మెతుకులు తిని పెరిగినవే. కాని పెరడును అరుగును లేని యిండ్లు నేడు మన నగరములలో ఆకాశము నంటుచున్నవి. హైదరాబాదునకు పడమట నున్న మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి ప్రాంతములు 30 ఏండ్ల క్రిందట రాళ్లును, తుప్పలును, చెఱువులును గల పల్లెపట్టులు. 1998 నవంబరు 22వ తేదీన అచ్చట సైబర్ టవర్స్ అను భవనము ప్రారంభమైన నాటినుండి ఆ చోటు హైటెక్ సిటీయై, దేశదేశములకు కంప్యూటరు పని చేసిపెట్టు కార్యస్థానమైనది. అచ్చట ఇరువదవ అంతస్తులో కాపురముండు దంపతులకు ఆవు నెచ్చట కట్టివేయుట? అరుగు నెచ్చట వెదకుట? పిల్లలకు మాత్రము ప్రాణులయెడ మమత తగ్గలేదు. అందుచే పంజరములో నిమిడెడు చిన్న జంతువులకు గిరాకి హెచ్చినది. కుందేలు, గినీపంది, హామ్‌స్టరు మొదలగు వాని వెంట ఇపుడు చించిల్లా యను విదేశపు జంతువు పేరును వినవచ్చుచున్నది.

దాని బొమ్మ చూచిన పిల్లలు దానిని కోరకుండుట అరుదు. అమ్మను బ్రతిమాలుదురు, నాన్నను వేధింతురు. పుట్టినదినపు కానుకగా నడుగుదురు. ఇంటికి క్రొత్తకోడలిని తెచ్చుకొనునపుడు మన పెద్దలు అటు ఏడు తరములు, ఇటు ఏడు తరములు విచారింపు మందురు. పదిపదునైదేండ్లు మన యింట నుండబోవు ప్రాణిని తెచ్చుకొనునపుడు దాని పుట్టినిల్లు ఎట్టిదో, మన మెట్టినిల్లు దానికి సరిపడునో లేదో విచారింపవలదా? ఈ వ్యాసము ఆ విచారణకొఱకే.

చించిల్లా ఎట్టిది?

పేరు విని మన యిండ్లలో తిరుగు చుంచు అని భ్రమపడవలదు. అయినను బొత్తిగా చుట్టరికము లేకపోలేదు. ఎలుక, ఉడుత, ముండ్లపంది మొదలగు కొఱుకుడు జంతువుల వర్గములోనిదే ఇదియు. తూకము అరకిలోకు కొంచెము అటునిటు. చెవులు గుండ్రనివి, వెడల్పైనవి, కాగితమువలె పలుచనివి. కన్నులు నల్లనివి, పెద్దవి. మీసములు పొడవైనవి. తోక ఉడుతతోకవలె గుబురైనది. వెనుకకాళ్లు మిక్కిలి బలమైనవి గనుక నిలుచున్నచోటినుండియే మూడు నాలుగడుగుల ఎత్తు అవలీలగ నెగురును. ఆడుది మగదానికంటె పెద్దది; పెత్తనమును తఱచుగ దానిదే.

దాని సొంపంతయు దాని బొచ్చులో నున్నది. మన తలపై ఒక్కొక్క రోమకూపమునుండి ఒకటి మొదలు నాలుగు వఱకు వెండ్రుకలు మొలచును. చించిల్లాకు ఒక్కొక్కదానినుండి 50, 60, అంతకు మించియు సన్నని రోమములు పుట్టును. అందుచే దానిపై చేయి వేసినపుడు వేడి మబ్బును తాకినట్లుండును. శత్రువు నోట బడినపుడు పట్టుబడిన బొచ్చును అచ్చటనే విడిచి పాఱిపోవు నేర్పు దీనికి గలదు. ఇంటిలోనైనను పిల్లలు గట్టిగ పట్టుకొన్నచో జంతువు జాఱిపోయి, వారి గుప్పిట బొచ్చుకుచ్చు మాత్రము మిగులును. ఆ చోట తిరిగి బొచ్చు వచ్చుటకు నెలలు పట్టును.

దీని గర్భకాలము 111 దినములు. ఇంత చిన్న జంతువునకు ఇది మిక్కిలి దీర్ఘము. ఎలుక మూడు వారములకే ఈనును గదా. ఒక కాన్పునకు ఒకటి మొదలు మూడు పిల్లలు కలుగును. కడుపులో చాలకాల ముండుటచే అవి పుట్టుచునే బొచ్చుతో, తెఱచిన కన్నులతో పుట్టి, కొన్ని గడియలలోనే పరుగులిడును. కొన్ని పిల్లలను మాత్రమే కని, వానిని చక్కగ పెంచు జాతి యిది. ఎలుకలవలె తామరతంపరగ పెరుగు జాతి కాదు. ఈ సంగతి ముందు చెప్పబోవు కథకు ముఖ్యము.

పుట్టినిల్లు

దక్షిణ అమెరికా ఖండపు పడమటి యంచున ఆండీస్ అను పర్వతపంక్తి గలదు. చించిల్లాల జన్మభూమి అదియే. అచ్చటి చించా అను జాతివారి పేరే దీనికి వచ్చిన దందురు. ఇందు రెండు జాతులు గలవు. పొట్టితోక చించిల్లా మూడువేల మీటర్లకు మించిన ఎత్తున, మంచుగాలులు వీచు పర్వతములపై వసించును. నేడు లోకమున ఇండ్లలో పెంచబడుచున్నది పొడుగుతోక జాతి. చిలీ దేశమున ఇల్లపెల్ అను ఊరి పరిసరములందలి రాతికొండలు దాని నివాసము.

ఒక వింత గమనింపుడు. ఈ పొడుగుతోక చించిల్లా అచ్చట 400 మొదలు 1,650 మీటర్ల ఎత్తుననే యుండును. మన హైదరాబాదు సముద్రమట్టమునకు 500 మీటర్లకు మించిన ఎత్తుననే యున్నది. అచ్చటను రాళ్లే, ఇచ్చటను రాళ్లే. కాగా ఎత్తునుబట్టి, రాతినిబట్టి చూచిన మన ఊరు దానికి పరాయిది కాదనిపించును. భేదమంతయు గాలిలో నున్నది. పసిఫిక్ మహాసముద్రపు చల్లని నీటి మీదుగ వచ్చు గాలి ఆ కొండల రాత్రులను చల్లబఱచును. వాన అతిస్వల్పము, మన నగరపు వానలో నాలుగవ వంతు మాత్రము. ఉక్క యనునది ఆ చోట తెలియదు. పగటియెండను చించిల్లా ఎఱుగనే ఎఱుగదు. లోతైన రాతిపగుళ్లలో గుంపులుగ నిద్రించి, ప్రొద్దు గ్రుంకిన పిమ్మట వెలికి వచ్చి, ఎండుగడ్డి, ఆకులు, విత్తనములు, బెరడు మేసి, తెల్లవాఱుసరికి తిరిగి పగులు చేరును. గుడ్లగూబలును నక్కలును దాని శత్రువులు.

దాని శరీరమందలి ప్రతి యవయవము ఆ దేశమునకు సరిపోయినదే. చలికొఱకు దట్టపు బొచ్చు. నీరు దొరకని తావు గనుక స్నానమునకు ధూళి. అగ్నిపర్వతపు బూడిదవంటి మెత్తని దుమ్ములో దొర్లి, బొచ్చులోని జిడ్డును పోగొట్టుకొనును. గట్టి మేతకొఱకు జీవితాంతము పెరుగుచునే యుండు పండ్లు. మేత నమలుచుండిననే అవి అరిగి సరిగ నుండును. వేడిని వెలిబుచ్చుటకు పలుచని చెవులు తప్ప వేఱు సాధనము లేదు. దానికి చెమట పట్టదు. చలిదేశపు కంబళిని ఒడలికి కుట్టించుకొని పుట్టిన ఈ ప్రాణి దానిని విప్పివేయజాలదు.

చర్మమే చావైనది

ఆ కంబళియే దానికి మృత్యువైనది. ఐరోపా, అమెరికా దేశముల ధనికస్త్రీలు చించిల్లా చర్మపు అంగీలను అలంకారముగ ధరింప మొదలిడిరి. ఒక నిలువుటంగీకి నూఱునకు మించిన జంతువుల చర్మములు కావలెను. పందొమ్మిదవ శతాబ్దమునను ఇరువదవ శతాబ్దారంభమునను చిలీ రేవులనుండి ఎగుమతియైన చర్మముల మొత్తము 70 లక్షలకు మించినదని లెక్క. పగుళ్లలో పొగపెట్టియు, కుక్కలను ఉసికొల్పియు, వలలు పన్నియు పట్టిరి. ఏటికి ఒకటి రెండు కాన్పులలో కొద్దిపిల్లలను కను జాతి అంత వేటకు తాళగలదా? కొండలన్నియు శూన్యమైనవి.

1910లో చిలీ, పెరూ, బొలీవియా, అర్జెంటీనా ప్రభుత్వములు కలిసి వేటను నిషేధించుచు ఒడంబడిక చేసికొన్నవి. అప్పటికే జంతువులు తఱిగిపోవుటచే చర్మపు వెల మిన్నందినది. వెల పెరిగినకొలది దొంగవేట పెరిగినది. చిలీలో 1929నాటి చట్టమువఱకు గట్టి రక్షణ కలుగలేదు. 1970 దాటిన తరువాత ఇల్లపెల్ ప్రాంతమున మిగిలిన గుంపులు కనబడగా, 1983లో చిలీ ప్రభుత్వము అచ్చట చించిల్లాల పేరనే ఒక రక్షితవనమును స్థాపించినది. రెండు జాతులును నేటికిని అపాయములో నున్నవిగనే లోకసంస్థల పట్టికలో చేరియున్నవి.

ఇపుడు వేటకు బదులు మఱియొక ఆపద వచ్చినది. 2020లో చిలీ ఉత్తరభాగమున ఒక బంగారు గని త్రవ్వబోవుచోట పొట్టితోక చించిల్లా లుండెను. వానిని పదిలముగ పట్టి, సమీపముననే మఱియొక రాతిగుట్టకు తరలింప బూనుకొనిరి. నిపుణులు దగ్గఱనుండి చేయించిన పని యది. తరలించిన మొదటి నాలుగింటిలో రెండు చనిపోయినవి. అంతట ప్రభుత్వమువారు ఆ పనిని నిలిపివేసిరి. తన దేశములోనే, తన గాలిలోనే, ఒక గుట్టనుండి వేఱొక గుట్టకు మార్చినంతలోనే ఇట్లయినది. దేశాంతరము తెచ్చునపు డెంత జాగ్రత్త కావలెనో ఊహింపుడు.

పంజరములోనికి వచ్చిన విధము

మఱి నేడు అంగళ్లలో అమ్మబడు చించిల్లాలు ఎచ్చటివి? ఇది చక్కని కథ. మాథియాస్ చాప్‌మన్ అను అమెరికా దేశీయుడు చిలీలో ఒక రాగి గనియందు ఇంజనీరు. ఒకనాడు పల్లెవాడొకడు ఒక చించిల్లాను తెచ్చి అతనికి అమ్మెను. అతడు దానియందు ముచ్చటపడి, వీనిని పెంచవలెనని నిశ్చయించి, వేటకాండ్రను బెట్టి వెదకింపగా, మూడేండ్లకు పదునొకటి మాత్రము చేజిక్కినవి. వానిని ఒక్కసారి కొండ దింపినచో చచ్చునని యెఱిగి, పన్నెండు నెలలు కొంచెము కొంచెముగ దింపుచు సముద్రతీరము చేర్చెను. ఓడలో వేడిమి తగులకుండ మంచుగడ్డల నుపయోగించెనట! 1923లో ఆ పదునొకటియు అమెరికాలోని కాలిఫోర్నియా చేరెను. నేడు అమెరికాలో పెంచబడు చించిల్లాలు ఇంచుమించుగ అన్నియు ఆ పదునొకటి సంతతియే.

మొదట అవి చర్మముకొఱకే పెంచబడినవి. కాలక్రమమున వాని సౌమ్యస్వభావము చూచి కొందఱు ఇండ్లలో పెంపకమునకు తీసికొనిరి. వందయేండ్లుగ మనుష్యుల చేతిలో పెరిగి, తెలుపు, నలుపు, గోధుమవన్నె మొదలగు రంగులును వచ్చినవి. రంగు మారినది గాని రక్తము మారలేదు. వంద తరములైనను ఆ కంబళి పలుచబడలేదు. నాడు చాప్‌మన్ మంచుగడ్డలతో చేసిన ఉపచారమును నేడును పెంచువారు చేయుచునే యుండవలెను.

మన యెండలు

ఇక మెట్టినింటి సంగతి. చించిల్లాకు సుఖమైన ఉష్ణము 15 మొదలు 21 డిగ్రీలు. 25 దాటిన దానికి బాధ మొదలగును. అంతకు పైబడి వేడిమితో పాటు గాలిలో తేమయు నున్నచో వడదెబ్బ తగిలి కొన్ని గంటలలో ప్రాణము పోవచ్చును. హైదరాబాదున మే నెలలో పగలు 40 డిగ్రీలు దాటు దినము లున్నవి. అప్పటి రాత్రులందును 25కు దిగని దినము లనేకము. వర్షకాలమున వేడిమి తగ్గినను తేమ హెచ్చును. తడిసిన బొచ్చు ఆఱక, బూజుతెగులు పట్టును. కాగా మార్చి మొదలు అక్టోబరు వఱకు ఏసీ యంత్రము లేక దీనికి మన యూర గతిలేదు.

మా యింట ఏసీ యున్నది గదా యని కొందఱనవచ్చును. సోదరీమణులారా, లెక్కవేయుదము. మనము ఏసీని మనము గదిలో నున్నప్పుడు వేసికొందుము. భార్యాభర్తలు ఉదయము తొమ్మిదింటికి ఉద్యోగములకు పోవునపుడు దానిని ఆపి పోదుము. చించిల్లాకు కావలసినది ఆ మిట్టమధ్యాహ్నపు వేళనే. యంత్రము సగటున గంటకొక యూనిట్టు కరెంటు తీసికొన్నదనుకొన్నను దినమునకు 24, వంద దినములకు 2,400 యూనిట్లు. ఖర్చు భరింపగలవారికిని వేఱొక చిక్కున్నది. కరెంటు పోయినపుడు జనరేటరు తిరుగును. కాని అనేక భవనములలో అది దీపములకు, పంకాలకు, లిఫ్టునకు మాత్రమే గాని ఏసీలకు శక్తి నీయదు. ఇంట నెవ్వరును లేనిదినమున మధ్యాహ్నము రెండుగంటలు కరెంటు పోయెనా, మూసిన కిటికీల గది పొయ్యి యగును. సాయంకాలము బడినుండి వచ్చు బిడ్డ మొదట చూచునది పంజరమునే గదా!

పంకా దీనికి ఉపకరింపదు. పంకా గాలి మనకు చల్లగ నుండుట చెమట ఆఱుటచేతనే. చెమట లేని ప్రాణికి అది వేడిగాలినే విసరును. కూలరు తేమను హెచ్చించును గనుక మఱింత చేటు.

పెంపకమున గల పాట్లు

మేత విషయమున దీని ఆశ స్వల్పమే. మంచి ఎండుగడ్డి ఎల్లవేళల నుండవలెను. దానితో పాటు ఈ జాతికొఱకే చేసిన గుళికలు దినమునకు ఒకటి రెండు చెంచాలు, శుభ్రమైన నీరు. ఇంతే. కాని మన గృహములలో ప్రేమను చూపు విధము వేఱు. జీడిపప్పు పెట్టుదుము, కిస్‌మిస్ పెట్టుదుము, బెల్లపుముక్క పెట్టుదుము, పండుగనాడు బూరె తుంచి పెట్టుదుము. చించిల్లా వీనినన్నిటిని ఆశగ తినును. తిన్న పిమ్మట దాని కడుపు ఉబ్బును. వాంతి చేసికొను శక్తి దానికి లేదు. గడ్డి నమలుట తగ్గిన కొలది పండ్లు అరుగక పెరిగి, దవడలోనికి గ్రుచ్చుకొని, నోరు తెఱవలేక ఆకలిచే కృశించును. ముద్దుచేసి తినిపించిన తీపి దానికి విషమగుట ఇట్లు. ఆరోగ్యముగల చించిల్లాకు ముందుపండ్లు నారింజవన్నెగ నుండునని గుర్తుంచుకొనవలెను. తెల్లబడినచో వైద్యునకు చూపవలెను.

దీనికి నీళ్లు పోయరాదు. వారమునకు మూడు నాలుగు మాఱులు, పది నిమిషముల చొప్పున, దీనికొఱకే అమ్ము మెత్తని ధూళిని ఒక గిన్నెలో పోసి పెట్టవలెను. ఏటి యిసుకయు, పిల్లల పౌడరును పనికిరావు. ధూళిస్నానము చూడ ముచ్చటగనే యుండును. కాని ఆ దుమ్ము గదియంతయు పఱచుకొనును. ఇంటిలో ఆయాసపు రోగి యున్నచో ఇది తగదు.

దీని పగలు మన రాత్రి. పిల్లలు ఆడుకొన గోరువేళ నిద్రించును. వారు నిద్రించువేళ చువ్వలు కొఱుకుచు గంతులిడును. ఎత్తుకొనుట దానికి అంతగ నచ్చదు. భుజముపై కూర్చుండి ముద్దులిడు బొమ్మ యనుకొన్న బిడ్డకు నెలలోనే మోజు తీరును. అంతట ఆ పంజరము ఊడ్చు పని ఎవరిదగునో నేను చెప్పవలెనా?

ఆయుర్దాయమును ఆలోచింపుడు. పెంపకములో ఇది 10 మొదలు 15 ఏండ్లు బ్రతుకును. 20 దాటినవియు గలవు. అమెరికాలో ఒకటి 29 ఏండ్లకు మించి జీవించినది. పదేండ్ల బిడ్డకు నేడు కొనిపెట్టినచో, ఆ బిడ్డ కాలేజీ ముగించి, అమెరికాకో ఆస్ట్రేలియాకో పై చదువునకు పోవు నాటికిని ఆ జంతువు మీ యింటనే యుండును. బిడ్డ విమాన మెక్కును. చించిల్లా అమ్మకు మిగులును. ఆ నాటికి అమ్మకు మోకాళ్లనొప్పులు వచ్చియుండును. సంక్రాంతికి ఊరికి పోవలెనన్నను, తిరుపతియాత్ర చేయవలెనన్నను, దానిని ఎవరికి అప్పగింపవలెను? ప్రక్కింటివారు కుక్కకు అన్నము పెట్టుదురు గాని మూడుదినములు ఏసీ గదిని కనిపెట్టుకొని యుందురా? ఆవులకు, కుక్కలకు చికిత్స చేయు పశువైద్యులు మన నగరమున పెక్కండ్రు గలరు. చించిల్లా పండ్లను అరగదీయ నేర్చినవా డెచ్చట నున్నాడో, కొనుటకు ముందే వెదకి యుంచుకొనవలెను.

చట్టము మాట

అడవి చించిల్లాల వర్తకమును అంతర్జాతీయపు ఒడంబడిక గట్టిగ నిషేధించినది. మనుష్యుల పెంపకములో పుట్టిపెరిగిన వానికి అందు మినహాయింపు గలదు. అయినను విదేశమునుండి ఏ సజీవప్రాణిని తెచ్చుటకైనను ప్రభుత్వానుమతియు, ఆరోగ్యపరీక్షయు కావలెను. మన దేశమున 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును 2022లో సవరించి, ఆ ఒడంబడికలో చేరిన విదేశప్రాణులకు ఒక పట్టిక నేర్పఱచిరి. సవరణ 2023 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులో నున్నది. 2024 ఫిబ్రవరిలో వెలువడిన నియమముల ప్రకారము ఆ పట్టికలోని ప్రాణులను ఉంచుకొనువారు పరివేశ్ అను ప్రభుత్వద్వారమున నమోదు చేయింపవలెను. అందుచే ఏ అంగడివాడైనను కాగితములు లేకుండ జంతువును చేతిలో బెట్టినచో తీసికొనరాదు. జంతువు ఎచ్చట పుట్టినది, ఎట్లు వచ్చినది అని అడుగుడు. సందేహమున్నచో అటవీశాఖవారిని విచారింపుడు.

ఈ సందర్భమున ఇంకొకమాట. అదృష్టము కలుగునని నక్షత్రపు తాబేలును, ముచ్చటకొఱకు రామచిలుకను ఇంట బెట్టుకొనువారు నేటికిని గలరు. అవి మన దేశపు వన్యప్రాణులు. వానిని పట్టుట, అమ్ముట, పంజరమున నుంచుట శిక్షార్హమైన నేరములు. చించిల్లా వలదనినచో చిలుకనైన కొనిపెట్టుమని పిల్ల లడిగినచో ఈ మాట వారికి తెలియజెప్పవలెను.

ఇప్పటికే ఇంట నున్నవారికి

ఈ మాటలు చదివి, ఇంట చించిల్లా నుంచుకొన్న సోదరీమణులు నొచ్చుకొనవలదు. వచ్చిన ప్రాణిని విడిచిపెట్టుట మహాపాపము. వెలుపల విడిచినచో అది ఒక్క పగలైన బ్రతుకదు. కావలసినది మెలకువ. ఇంటిలో ఎండ తగులని, ఉత్తరపు దిక్కు గదిలో ఎత్తైన పంజరము నుంచుడు. పంజరపు అడుగున తీగె కాక పలక యుండవలెను. లేనిచో పాదములు పుండ్లుపడును. ఉష్ణమును తేమను చూపు చిన్న యంత్రము పంజరముకడ వ్రేలాడదీయుడు. మన ప్రాంతమున నల్లరాతి పలకకు కొదువ లేదు గదా. వంటయింటి గట్టుకు వేయగా మిగిలిన ముక్కను కడిగి, చల్లబఱచి పంజరములో పెట్టుడు. అది దానిమీద పొట్ట ఆనించి పరుండును. రాతిలో పుట్టిన ప్రాణికి రాతి చలువ తెలియును. కాని పలక ఏసీకి బదులు కాదు. కరెంటుపోయిన వేళ ఏసీకి శక్తి నిచ్చు ఏర్పాటును ముందుగనే చేయించుకొనుడు.

చెవులు ఎఱ్ఱబడి, నోట చొంగ కారుచు, ప్రక్కకు ఒరిగి రొప్పుచున్నచో వడదెబ్బ తగిలినదని యెఱుగుడు. వెంటనే చల్లని గదికి మార్చి, తడిగుడ్డతో చెవులను మెల్లగ అద్దుచు, వైద్యునికడకు కొనిపోవలెను. మంచునీటిలో ముంచరాదు. ఒక్కటిగ నున్నదానికి దిగులు కలుగును గనుక దినమున కొంతసేపు ఎవరైన దానికడ కూర్చుండవలెను. జతను తెచ్చువారు ఆడు, మగ కలిసి యుంచినచో ఆ 111 దినముల లెక్కను మఱువరాదు.

మన రాళ్లు, మన పొరుగువారు

పిల్లల మమతకు మఱి త్రోవ యేదని అడుగుదురు. చించిల్లా రాతిపగుళ్లలో కాపురమున్నట్లే మన రాళ్లలోను కాపురములు గలవు. హైదరాబాదు చుట్టునున్న నల్లరాతి గుండ్లు సుమారు 250 కోట్ల యేండ్ల నాటివి. వాని సందులలో తొండలు, బల్లులు, ముంగిసలు, ఉడుతలు వసించుచున్నవి. ఆ రాళ్లను పగులగొట్టి మేడలు కట్టుచుండగా, వానిని కాపాడుటకు 1996లో నగరమున ఒక సంఘమే పుట్టినది. హైటెక్ సిటీ నడుమనే దుర్గము చెఱువు గలదు. ఒకనాడు గోలకొండకు నీరిచ్చిన చెఱువది. కొత్తగూడలో వృక్షోద్యానమున్నది. జూబిలీ హిల్సున కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయవనమున నెమళ్లు తెల్లవాఱుజామున కూయుచుండును.

2025 మార్చి నెలాఖరున గచ్చిబౌలిలో హైదరాబాదు విశ్వవిద్యాలయము ప్రక్కనున్న సుమారు 400 ఎకరముల భూమిలో యంత్రములు చెట్లను కూల్చ మొదలిడగా, విద్యార్థు లడ్డుపడిరి. ఏప్రిల్ 3వ తేదీన సుప్రీంకోర్టు ఆ పనిని నిలుపవలసినదని ఉత్తరువిచ్చినది. ఆ తుప్పలలో చుక్కలజింకలు, నెమళ్లు, నక్షత్రపు తాబేళ్లు ఉన్నవని ఆ దినములలోనే నగరవాసులలో అనేకులకు తెలిసినది. వేల క్రోసులకు ఆవలి జంతువు పేరు మన పిల్లలకు తెలియును. ఇంటికి రెండు క్రోసుల లోపలనున్న ప్రాణి పేరు తెలియదు. ఆదివారముదయము పిల్లల చేయిపట్టుకొని పోయి చూపుడు. రాముని సేతువునకు ఇసుక మోసిన ఉడుత వీపుమీది చారల కథ చెప్పుడు. బాల్కనీలో ఒక మూకుడు నీరు పెట్టినచో పిచ్చుకలును పావురములును తామై వచ్చును. వానికి పంజర మక్కరలేదు, ఏసీ యక్కరలేదు.

ఇంత చెప్పినను చించిల్లాయే కావలెనని బిడ్డ పట్టుపట్టినచో, కొనుటకు ముందు ఒక నోము పట్టించుడు. ఏప్రిల్ నెలాఖరున ఖాళీ పంజర మొకటి తెచ్చి ఒక గదిలో నుంచుడు. మే నెల ముప్పదియొక్క దినములు ఆ గదిని రాత్రింబవళ్లు చల్లగ నుంచుడు. దినమును ప్రొద్దుగ్రుంకిన పిమ్మట బిడ్డయే పంజరము తుడిచి, గడ్డి మార్చి, నీరు పోయవలెను. కరెంటు పోయినపుడెల్ల ఎంతసేపటికి గది వేడెక్కినదో గోడమీది కాగితమున వ్రాయవలెను. పెండ్లికి పోయినను, యాత్రకు పోయినను నోము తప్పరాదు. జూన్ మొదటి తేదీన ఆ కాగితమును, కరెంటు బిల్లును ముందు బెట్టుకొని, అమ్మ, నాన్న, బిడ్డ కూర్చుండి చదువుకొనుడు. అప్పటికిని ముగ్గురును ఔననినచో ఆ యింట చించిల్లాకు చోటున్నది.